శిరస్త్రాణం: ఒక వైద్యుని ఓటమి నుండి పుట్టిన రక్షణ

తెల్లవారుజామున మా తెల్లాపూర్‌లో నడకకు బయలుదేరినప్పుడు నాకు రెండు రకాల సైకిళ్ళు ఎదురవుతాయి. మొదటివి కొల్లూరు వైపు సాగిపోయే ఖరీదైన సైకిళ్ళు. ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన, సౌర ఫలకాల పైకప్పు గల 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం వారి గమ్యం. వారిలో చాలామంది తలపై హెల్మెట్ ఉంటుంది. రెండవవి రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు నుండి వచ్చే పాత సైకిళ్ళు. వాటిపై రాత్రి షిఫ్టు ముగించుకున్న కార్మికులు, కాపలాదారులు ఇళ్ళకు మరలుతుంటారు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, తలకు మఫ్లరు, అంతే. లారీలకూ టిప్పర్లకూ పక్కగా రోజూ ప్రయాణించేది ఈ రెండవ వారే. రక్షణ మాత్రం మొదటి వారికే ఉన్నది.

ఈ తేడాను చూసినప్పుడల్లా నాకు హెల్మెట్ చరిత్ర స్ఫురిస్తుంది. ఆ చరిత్రలో పెద్ద మలుపు తిప్పినవాడు ఇంజనీరు కాదు, ఒక వైద్యుడు.

1935: కాపాడలేకపోయిన ప్రాణం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రసిద్ధి పొందిన టి.ఇ. లారెన్స్, 1935 మే 13న ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో మోటారు సైకిలుపై వెళుతున్నాడు. దారిలో సైకిళ్ళపై వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి కింద పడ్డాడు. తలకు తీవ్రమైన గాయమైంది. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, మే 19న 46 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రచికిత్స నిపుణుడు ఒకరు. నలిగిపోయిన మెదడును శస్త్రచికిత్సతో తిరిగి నిలబెట్టలేమని ఆయనకు తెలుసు. గాయం తగిలిన తరువాత చేయగలిగింది స్వల్పమైనప్పుడు, గాయం తగలకుండా చూడటమే వైద్యమని ఆయన గ్రహించాడు.

రెండవ ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటన్ వీధులలో మోటారు సైకిళ్ళపై సందేశాలు మోసే సైనికులు పెరిగారు, ప్రమాదాలూ పెరిగాయి. కెయిర్న్స్ లెక్కలు తీశాడు. యుద్ధం మొదలైన 21 నెలలలో 2,279 మంది మోటారు సైకిలు చోదకులు, వెనుక కూర్చున్నవారు మరణించినట్లు 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. ఆ మరణాలకు ప్రధాన కారణం తల గాయాలే. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైనవారు ఆయనకు ఏడుగురే కనిపించారు. ఆ ఏడుగురిలో ఎవరికీ తల గాయం ప్రాణాంతకం కాలేదు. అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. పౌరులకు ఆ నియమం రావడానికి మాత్రం 1973 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి కెయిర్న్స్ మరణించి 21 ఏళ్ళు.

సైకిలు వంతు

సైకిలు పందెగాళ్ళు చాలాకాలం తోలు పట్టీలతో కుట్టిన పలుచని టోపీలతోనే సరిపెట్టుకున్నారు. లోపల థర్మోకోల్ వంటి నురుగు పొర గల సైకిల్ హెల్మెట్ 1970 దశకంలో అమెరికా బజారులోకి వచ్చింది. 1990 జులై 1న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సైకిలు తొక్కేవారందరికీ హెల్మెట్‌ను తప్పనిసరి చేసి, ప్రపంచంలో మొదటిదిగా నిలిచింది.

పందెగాళ్ళు మాత్రం వేడి, బరువు అంటూ వ్యతిరేకించారు. 1995లో టూర్ డి ఫ్రాన్స్ పోటీలో ఇటలీ క్రీడాకారుడు ఫాబియో కసర్తెల్లి కొండ వాలులో పడి, తల గాయంతో మరణించాడు. అప్పుడూ నియమం మారలేదు. 2003 మార్చిలో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రీ కివిలెవ్ అదే విధంగా మరణించిన తరువాతే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ప్రతి నియమం వెనుకా ఒక శవపేటిక కనిపించడం ఈ చరిత్రలోని విషాదం.

నేను చూసినది

నా ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలో, రహదారి పక్కనున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి విధులలో ఉండగా, సైకిలు పైనుండి పడిన ఒక యువ కార్మికుడిని తీసుకువచ్చారు. కణత వద్ద చిన్న బొబ్బ తప్ప గాయం లేదు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, చాయ్ అడిగి తాగాడు. “పొద్దున డ్యూటీ ఉంది సారూ, పోతా” అన్నాడు. నేను మాత్రలు రాసి పంపించాను. మూడు గంటల తరువాత అతని అన్న అతన్ని భుజాన వేసుకుని వచ్చాడు. ఒక కంటిపాప విప్పారి ఉంది. నగరానికి తరలించేలోగా ప్రాణం పోయింది.

కణత వద్ద ఎముక పలుచన. దాని వెనుకనే ఒక ధమని సాగుతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే, పుర్రెకూ మెదడు పైపొరకూ నడుమ రక్తం మెల్లగా పేరుకుంటుంది. అంతవరకు రోగి మామూలుగానే మాట్లాడతాడు. 2009 మార్చిలో నటి నతాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచుపై స్కీయింగ్ నేర్చుకుంటూ, హెల్మెట్ లేకుండా పడిపోయినప్పుడు జరిగింది ఇదే. మొదట తనకేమీ కాలేదన్నది, రెండు రోజులకు మరణించింది. విదేశాలలో చదువుకుంటూ మంచు కొండలకు విహారానికి వెళ్ళే మన పిల్లలు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

హెల్మెట్ చేసే పని

నేలను తాకిన పుర్రె తటాలున ఆగిపోతుంది, లోపలి మెదడు ఆగదు. హెల్మెట్‌లోని నురుగు పొర తాను నలుగుతూ ఆ తాకిడిని కొంత తాను స్వీకరిస్తుంది, తల ఆగే వ్యవధిని కొన్ని మిల్లీసెకండ్లు పొడిగిస్తుంది. 2016లో ప్రచురితమైన ఒక సమీక్ష 40 అధ్యయనాలను కలిపి చూసి, ప్రమాదానికి గురైన సైకిలిస్టులలో హెల్మెట్ ధరించినవారికి తీవ్రమైన తల గాయం అవకాశం 69 శాతం తక్కువని తేల్చింది.

హెల్మెట్ ఉంటే చాలు, ఏమీ కాదని నేను చెప్పను. 2013లో మైఖేల్ షూమాకర్ స్కీయింగ్‌లో హెల్మెట్ ఉండీ తీవ్రంగా గాయపడ్డాడు. సైకిలుకు ప్రత్యేక దారులున్న నెదర్లాండ్స్‌లో అత్యధికులు హెల్మెట్ లేకుండానే తిరుగుతారు. మంచి దారి మొదటి రక్షణ, హెల్మెట్ చివరి రక్షణ. పటాన్‌చెరు కార్మికుడికి ఆ మొదటి రక్షణ ఇంకా అందలేదు కనుకనే, చివరిది మరింత అవసరం.

మన చట్టం, మన బాధ్యత

మన మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ మోటారు సైకిళ్ళకు హెల్మెట్ తప్పనిసరి అంటుంది. అయినా 2022లో దేశంలో హెల్మెట్ లేని 50,029 మంది ద్విచక్ర వాహన ప్రయాణికులు మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. 2021 సెప్టెంబరులో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాదులో మోటారు సైకిలు జారి పడినప్పుడు ఆయన తలపై హెల్మెట్ ఉంది. కోలుకుని తిరిగి నటిస్తున్నాడు. ఇక సైకిలు మోటారు వాహనం కాదు కనుక ఆ సెక్షన్ దానిని పట్టించుకోదు. చట్టం అడగకపోయినా మనమే అడగవలసి ఉన్నది.

ఫ్యాక్టరీ గేటు లోపల బూట్లు, టోపీ ఇచ్చే యాజమాన్యాలు, గేటు దాటిన తరువాత ఇల్లు చేరే దారిని కూడా తలచుకోవాలి. సైకిలుపై వచ్చే ప్రతి కార్మికుడికి ఒక సైకిల్ హెల్మెట్, వెనుక ఒక ఎర్ర దీపం ఇవ్వడం పెద్ద భారం కాదు. పనిలో ఇచ్చే పసుపు టోపీ ఇందుకు చాలదు. పైనుండి పడే వస్తువులను ఆపేందుకు చేసినది అది, పక్కనుండి తగిలే దెబ్బకు పనికిరాదు.

పాఠక మిత్రులు ఇవి గుర్తుంచుకోండి:

- హెల్మెట్ ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ళ పైన ఉండాలి.
- పట్టీకీ గడ్డానికీ మధ్య ఒకటి రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. పట్టీ పెట్టని హెల్మెట్ లేనట్లే.
- ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పగులు కనిపించకపోయినా మార్చాలి.
- తలకు దెబ్బ తగిలినవారిని 24 గంటలు ఒంటరిగా వదలవద్దు. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మగత కమ్మినా, మాట తడబడినా వెంటనే స్కానింగ్ సౌకర్యం గల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కెయిర్న్స్ తన ఓటమిని లెక్కలుగా మార్చి లోకానికి ఇచ్చాడు. నా ఓటమిని నేను ఈ నాలుగు మాటలుగా మీకు ఇస్తున్నాను. మీ ఇంటి కాపలాదారు సైకిలుపై వస్తుంటే, ఈ పండుగకు అతనికి బట్టలతో పాటు ఒక హెల్మెట్ కూడా పెట్టండి.