కొత్త నర్సుకు తోడుండేదెవరు?

నర్సింగ్ పట్టా అందుకోవడం ఒక ఎత్తు, రాత్రి డ్యూటీలో వార్డు బాధ్యతను మోయడం మరో ఎత్తు. కళాశాలలో బోధకురాలి సమక్షంలో చేసిన పనినే ఇక్కడ పదుల సంఖ్యలో రోగుల నడుమ, బంధువుల ఒత్తిడి మధ్య తానొక్కతే చేయవలసి వస్తుంది. తొలి ఉద్యోగంలో చేరినవారితో పాటు వివాహం, కాన్పు, పిల్లల పెంపకం కారణంగా కొన్నేళ్లు దూరమై తిరిగి విధుల్లోకి వచ్చేవారికీ ఇదే ఇబ్బంది.

అమెరికా పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లో వెలువరించిన గ్రంథంలో ఈ స్థితిని 'రియాలిటీ షాక్'గా పేర్కొన్నారు. నర్సులు వృత్తిని వీడటానికి ఇదొక కారణమని ఆమె విశ్లేషించారు. నైపుణ్యం ఐదు మెట్లలో అలవడుతుందని ప్యాట్రీషియా బెన్నర్ 1984లో వివరించారు. ఎంత అనుభవం ఉన్నవారైనా పరిచయం లేని విభాగానికి మారితే తిరిగి తొలి మెట్టుపైనే నిలుస్తారన్నది ఆమె సిద్ధాంతంలోని ముఖ్యాంశం. మన ఆసుపత్రుల్లో డ్యూటీ చార్టు వేసేవారు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

అడిగితే చెప్పేవారుండాలి

ఇన్సులిన్‌నే తీసుకుందాం. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, 100 యూనిట్ల మందు రెండూ లభిస్తాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రోగికి రెండున్నర రెట్ల మోతాదు వెళ్తుంది. పక్కన సీనియర్ ఉంటే క్షణంలో సరిదిద్దగల పొరపాటిది. లేనప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

వాడిన సూది గుచ్చుకున్న సందర్భమూ అంతే. హెచ్ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, గరిష్ఠంగా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. మందలిస్తారన్న భయంతో విషయం దాచే కొత్త నర్సు ఆ విలువైన గంటలను కోల్పోతుంది.

గంటల లెక్క చాలదు

రిజిస్ట్రేషన్ నవీకరణకు ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య ఉండాలని భారత నర్సింగ్ మండలి నిర్దేశించింది. ఇది అవసరమే. అయితే సదస్సులో కూర్చున్న గంటలు వార్డులో వెన్నంటి ఉండే సీనియర్‌కు ప్రత్యామ్నాయం కాజాలవు.

భారత నర్సులు పెద్ద సంఖ్యలో వెళ్తున్న బ్రిటన్‌లో ఈ తోడ్పాటును 'ప్రిసెప్టర్‌షిప్' అంటారు. అక్కడి నర్సింగ్, మిడ్‌వైఫరీ మండలి 2020లో ఇందుకు మార్గదర్శక సూత్రాలను ప్రకటించింది. ఇంగ్లండ్ జాతీయ ఆరోగ్య సేవ 2022లో నర్సుల కోసం ప్రత్యేక విధానాన్ని వెలువరించింది. కొత్తవారికి ఒక సీనియర్‌ను కేటాయించి, ఇద్దరూ కలిసి మాట్లాడుకునేందుకు విధుల్లోనే సమయం ఇస్తారు. ఇది పరీక్ష కాదు, మార్కులుండవు. మూడేళ్లలో 450 గంటల విధి నిర్వహణ లేనివారు పునఃప్రవేశ కోర్సో, సామర్థ్య పరీక్షో పూర్తిచేయాలి.

మన దగ్గరా ఇటువంటి ప్రయత్నం లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో ప్రభుత్వ నర్సులకు కరీంనగర్‌లో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. తరగతి పాఠానికి ప్రసూతి గదిలో అనుభవజ్ఞుల పర్యవేక్షణను జోడించడం దాని ప్రత్యేకత. సాధారణ వార్డులకు కూడా ఇదే పద్ధతిని విస్తరించవచ్చు.

చిక్కంతా సిబ్బంది కొరతలోనే ఉంది. సీనియర్‌కు తన రోగుల భారం తగ్గించకుండా మరొకరిని అప్పగిస్తే అది కాగితంపై తోడ్పాటుగానే మిగులుతుంది. కనుక తొలి వారాల్లో ఇద్దరికీ ఒకే షిఫ్టు వేయడం, కొత్తవారిని ఒంటరిగా రాత్రి డ్యూటీకి పంపకపోవడం నర్సింగ్ సూపరింటెండెంట్ల చేతిలోని పని. ఉద్యోగంలో చేరేవారు సైతం జీతంతో పాటు, తమకు పని నేర్పే సీనియర్ ఎవరు, ఎన్నాళ్లు అన్నది మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. విరామం తరువాత వచ్చేవారు రిజిస్ట్రేషన్ గడువును ముందుగా రాష్ట్ర మండలిలో సరిచూసుకోవాలి.