అడుగులు మరచిన ఫిడేలు వరుస

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందడి దాటి లోపలి వీధులలోకి వెళితే, సాయంత్రం పూట ఏదో ఒక మేడ మీదినుండి ఫిడేలు సాధన వినిపిస్తుంది. మా అమ్మాయి నేర్చుకుంటున్నదీ అక్కడే. గీతాల నడుమ గురువుగారు ఆమెకు చెప్పిన చిన్న కృతి “వందే మీనాక్షి”. పిల్లలకు ఇష్టమైన ఈ వరుస పుట్టింది మాత్రం మధురలో కాదు.

ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో మాలో అనే ఊరుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడి ఊటనీటి స్నానాలకు వచ్చి, తాగి తిరిగే విలాసపురుషులను గూర్చిన పాట “రేక్స్ ఆఫ్ మాలో”. ఫిడేలు వాద్యకారులు దానిని పల్లె నాట్యాలకు వాయించేవారు. చెన్నపట్నం కోటలో కుంఫిణీవారి బ్యాండు వినిపించిన ఇటువంటి వరుసలు ముత్తుస్వామి దీక్షితులవారిని ఆకర్షించాయని ప్రతీతి. వాటికి ఆయన సంస్కృత సాహిత్యం కూర్చారు. అవే నోట్టుస్వరాలు, సుమారు నలభై. “గాడ్ సేవ్ ది కింగ్” వరుసలో “సంతతం పాహిమాం” వెలసింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఒక ఐరోపావాని వద్ద ఫిడేలు అభ్యసించి, దానిని కర్ణాటక సంగీతానికి అలవరచినవారిలో ప్రథముడు. గమకాలు లేని శంకరాభరణం గనుక నోట్టుస్వరాలు బాలశిక్షలో నిలిచాయి. అయితే వరుస మిగిలింది, అడుగులు పోయాయి.

మన ఇంట దీనికి విపర్యయం జరుగుతున్నదని నిరుటి బతుకమ్మకు గాని నాకు తెలిసిరాలేదు. ఎల్.బి.నగర్‌లో మా పెద్దమ్మ ఉండే కాలనీలో నల్గొండ, సూర్యాపేటల నుండి వచ్చి స్థిరపడినవారే ఎక్కువ. మైకులో రికార్డులకు బదులు ఈసారి ఫిడేలు వాయించమని వారు మా అమ్మాయిని అడిగారు. స్వరం కోసం ఇంట్లోని పుస్తకాలన్నీ వెదికాము. ఐర్లండు వరుసకు స్వరం దొరికింది గాని, మా పెద్దమ్మ పాడే ఉయ్యాల పాటకు దొరకలేదు. బిరుదురాజు రామరాజుగారి వంటి పండితులు జానపద గేయాలను సేకరించి మహోపకారం చేశారు. కాని మాట కాగితానికి లొంగినట్లు వరుస లొంగదు.

చివరకు పెద్దమ్మనే ఆశ్రయించాము. కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణాలకే తడబడింది. “కూసోని పాడుమంటే యాడొస్తది బిడ్డా!” అని లేచి, చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ కుర్చీ చుట్టూ తిరగసాగింది. పాట ధారగా వచ్చింది. మా అమ్మాయి స్వరం వ్రాసుకున్నది. చప్పట్లు పడిన చోట సున్నాలు చుట్టింది. ఆ రాత్రికి మూడు వరుసలు కాగితమెక్కాయి.

దీక్షితులవారి చేయి తగిలి పరదేశపు వరుస రెండు వందల ఏళ్ళు నిలిచింది. మన వరుసలు ఇంకా పెద్దమ్మల అడుగులలోనే ఉన్నాయి. ఆ అడుగులు తిరుగుతున్నప్పుడే వాటిని వ్రాసుకోవాలి.