గల్లాపెట్టె నుంచి టచ్ స్క్రీన్ దాకా: హోటలు బిల్లు చరిత్ర



రాజవంశాల చరిత్ర, యుద్ధాల చరిత్ర మీరు చదువుతూనే ఉన్నారు. ఈ పాఠంలో ఒక చిన్న కాగితం ముక్క చరిత్ర తెలుసుకుందాం. హోటల్లో భోజనం ముగించాక సర్వరు తెచ్చి ఇచ్చే బిల్లు అది. దాన్ని అచ్చువేసే యంత్రానికి సుమారు నూట నలభై అయిదేళ్ళ చరిత్ర ఉంది. ఈ చరిత్రలో యంత్రాలకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు చేతులు మారే చోట ఎవరు ఎవరిని నమ్మాలి? ఆ నమ్మకానికి సాక్ష్యం ఎవరి దగ్గర ఉండాలి? పాఠం పొడవునా ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి.

హోటలు లెక్క ఎందుకు కష్టం?

బట్టల కొట్టులో ఉదయం పది చీరలుండి, సాయంత్రానికి ఏడు మిగిలితే, మూడు అమ్ముడుపోయాయని వెంటనే తెలుస్తుంది. హోటల్లో అలా తెలియదు. రుబ్బిన పిండి ఎన్ని ఇడ్లీలైంది, కాచిన పాలు ఎన్ని కాఫీలయ్యాయి అన్నది ఖచ్చితంగా చెప్పడం కష్టం. పైగా ఆర్డరు తీసుకొనేది ఒకరు, వండేది ఇంకొకరు, డబ్బు పుచ్చుకొనేది మరొకరు. ఈ ముగ్గురి మధ్య ఎక్కడ ఒక కప్పు కాఫీ లెక్క తప్పినా పట్టుకోవడం సులభం కాదు.

అందుకే మన ఊళ్ళలో చాలాచోట్ల యజమాని స్వయంగా గల్లాపెట్టె దగ్గర కూర్చొనేవాడు. ఎవరి బిల్లు ఎంతో సర్వరు నోటిలెక్క కట్టి, లోపలినుంచే కేక వేసి చెప్పేవాడు. ఆ పద్ధతి యజమాని చూపు మీద, సర్వరు జ్ఞాపకశక్తి మీద నడిచింది. హోటలు పెద్దదైనా, యజమాని ఒకరోజు రాకపోయినా అది చాలదు. యంత్రం అవసరం అక్కడే పుట్టింది.

డేటన్ నగరంలో ఒక ఆవిష్కరణ

అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, డేటన్ నగరంలో జేమ్స్ రిటీ అనే ఆయన మద్యశాల నడిపేవాడు. వ్యాపారం జరుగుతున్నా లాభం కనబడేది కాదు. అమ్మిన సొమ్ములో కొంత పనివాళ్ళ జేబుల్లోకి పోతోందని ఆయన గ్రహించాడు. 1878లో ఐరోపాకు ప్రయాణిస్తున్నప్పుడు, ఓడ ప్రొపెల్లరు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించే సాధనాన్ని చూసి, అమ్మకాలను కూడా ఇలాగే లెక్కించవచ్చు కదా అనుకొన్నాడని చెబుతారు. సోదరుడు జాన్‌తో కలిసి తయారుచేసిన యంత్రానికి 1879లో పేటెంటు లభించింది. దానికి వారు పెట్టిన పేరుకు ‘లంచానికి లొంగని క్యాషియర్’ అని అర్థం. గడియారంలాంటి ముఖం మీద డాలర్లు, సెంట్లు చూపించేది ఆ యంత్రం. డబ్బు సొరుగు, గంట, కాగితపు చుట్ట తరువాతి కాలంలో చేరాయి.

ఆ గంట గురించి కొంచెం ఆలోచించండి. సొరుగు తెరిస్తే గంట మోగుతుంది. అంకె పైకి కనబడుతుంది. గుమస్తా తక్కువ మొత్తం నొక్కితే ఎదుట నిలబడ్డ కొనుగోలుదారు చూస్తాడు. అంటే యజమాని అక్కడ లేకపోయినా కొనుగోలుదారే సాక్షి అవుతాడు. యంత్రం చేసిన అసలు మార్పు ఇదే.

1884లో జాన్ హెచ్. ప్యాటర్సన్ ఈ వ్యాపారాన్ని కొని, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీగా పెంచాడు. 1906లో చార్లెస్ కెటరింగ్ దానికి విద్యుత్ మోటారు అమర్చాడు. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. నిజాయితీకి యంత్రాలు అమ్మిన ఆ కంపెనీ అధిపతులే పోటీదారులను అక్రమంగా అణచివేశారని 1913లో న్యాయస్థానం దోషులుగా తేల్చింది. 1915లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ కేసులో ఉన్నవారిలో థామస్ వాట్సన్ ఒకడు. తరువాత ఐ.బి.ఎం. సంస్థను నిర్మించినది ఆయనే.

కొన్ని పదాలు, వాటి అర్థాలు

ఈ రంగంలో వాడే పదాలలో ఆ పాత అనుమానాలు, జాగ్రత్తలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కె.ఓ.టి. అంటే కిచెన్ ఆర్డర్ టికెట్. సర్వరు రాసిన చీటీలో ఒక ప్రతి వంటగదికి, ఒక ప్రతి క్యాషియర్‌కు వెళుతుంది. చీటీ లేనిదే వంటవాడు పదార్థం ఇవ్వడు. రాత్రికి చీటీలను, బిల్లులను పక్కపక్కన పెట్టి సరిచూస్తారు.

వాయిడ్ అంటే నమోదైన ఆర్డరును రద్దు చేయడం. డబ్బు పక్కదారి పట్టే అవకాశం ఇక్కడ ఎక్కువ కనుక చాలాచోట్ల మేనేజరు అనుమతి కావాలి.

కవర్ అంటే ఒక అతిథి. ‘నలభై కవర్లు’ అంటే నలభైమందికి వడ్డించారని అర్థం.

ఎక్స్ రిపోర్టు, జెడ్ రిపోర్టు అనేవి రోజు లెక్కలు. మొదటిది రోజు మధ్యలో ఎప్పుడైనా మొత్తం చూపుతుంది. రెండోది రోజు ముగింపులో మొత్తం చూపించి, లెక్కను మళ్ళీ సున్నాకు తెస్తుంది.

వీటన్నిటినీ ఒకే కంప్యూటరులో కలిపిన ఏర్పాటే పి.ఓ.ఎస్. అంటే పాయింట్ ఆఫ్ సేల్, అమ్మకం జరిగే చోటు.

మీటల నుంచి తెర మీదికి

1970వ దశకంలో మైక్రోప్రాసెసర్లు వచ్చాక ఈ యంత్రం రూపం మారింది. 1974లో మెక్‌డొనాల్డ్స్ దుకాణాల కోసం ఇంటెల్ 8008 చిప్‌తో పనిచేసే రిజిస్టరును విలియం బ్రోబెక్ సంస్థ తయారుచేసింది. అందులో ఒక్కో పదార్థానికి ఒక్కో మీట ఉంది. నొక్కేవారికి ధర తెలియనక్కరలేదు, కూడిక రానక్కరలేదు. 1986లో జీన్ మోషర్ అనే అమెరికన్ రెస్టారెంటు యజమాని, అటారీ కంప్యూటరు మీద రంగుల టచ్ స్క్రీన్‌తో నడిచే సాఫ్ట్‌వేరును ప్రదర్శించాడు.

ఇందులో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. పది బల్లల ఆర్డర్లు మనసులో పెట్టుకొని తప్పులేకుండా చెప్పగల సర్వరు నైపుణ్యానికి విలువ తగ్గింది. అదే సమయంలో, చేయని దొంగతనానికి నింద పడ్డ పనివాడికి కంప్యూటరు రికార్డే రక్షణ కాగలదు. కాపలా కోసం పుట్టిన సాధనం పనివాడి తరఫున సాక్ష్యం కూడా చెబుతుందన్న మాట.

ప్రభుత్వం కూడా చూస్తుంది

మన దేశంలో 2011లో కొన్ని ఎయిర్ కండిషన్డ్ రెస్టారెంట్ల మీద సేవాపన్ను మొదలైంది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. మామూలు రెస్టారెంటు బిల్లులో 5 శాతం పన్ను కేంద్రానికి, రాష్ట్రానికి చెరి 2.5 శాతంగా కనబడుతుంది. మద్యం జి.ఎస్.టి. పరిధిలో లేదు, దాని మీద పన్ను రాష్ట్రానిదే. ఇలాంటి తేడాలను విడదీసి చూపడం చేతిరాత బిల్లుకు కష్టం, యంత్రానికి తేలిక.

మరి యంత్రం నిజంగా లంచానికి లొంగదా? లొంగుతుంది. కొన్ని దేశాలలో యజమానులే రహస్య సాఫ్ట్‌వేరుతో అమ్మకాలను చెరిపివేసి పన్ను ఎగ్గొట్టారు. అందువల్ల కెనడాలోని క్విబెక్ రాష్ట్రం, ప్రతి బిల్లునూ భద్రపరిచే పరికరాన్ని 2011 నాటికి రెస్టారెంట్లలో తప్పనిసరి చేసింది. పనివాడిని అనుమానించి పుట్టిన యంత్రం, చివరికి యజమాని మీదనే నిఘాకు సాధనమయింది.

మళ్ళీ మోగిన గంట

2016లో యు.పి.ఐ. ప్రారంభమయ్యాక టీ బండి దగ్గర కూడా క్యూ.ఆర్. కోడ్ వచ్చింది. ఆ కోడ్ 1994లో జపానులో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టినది. డబ్బు జమకాగానే చిన్న పెట్టె ఎన్ని రూపాయలు వచ్చాయో బిగ్గరగా చెబుతుంది. పాత రిజిస్టరు గంటకు, ఈ గొంతుకు పని ఒక్కటే: జరిగిన చెల్లింపు నలుగురికీ వినిపించడం.

అయితే సాక్షిగా ఉండే హక్కు మీకూ ఉంది. అడగకుండానే సర్వీస్ ఛార్జిని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లు చదవని వినియోగదారుకు మాత్రం ఆ రక్షణ అందదు.

మీరు చేయవలసిన పని: ఒక హోటలు బిల్లు తీసుకొని, అందులోని ప్రతి పంక్తి ఎవరికోసం ఉందో రాయండి. యజమాని కోసమా, పనివాడి కోసమా, ప్రభుత్వం కోసమా, మీకోసమా? ఏ పంక్తి ఎవరికీ చెందనట్టు కనిపిస్తే, దాని గురించి క్యాషియర్‌ను మర్యాదగా అడగండి.