చీటి ఊడదీసిన ప్లేటు

గ్రామఫోను పెట్టెను ఎరిగిన పెద్దలకు ప్లేటు నడుమ అంటించిన గుండ్రని చీటి జ్ఞాపకముండును. పాడినవారి పేరు, పాట పేరు, కంపెనీ మార్కా అన్నియు దానిమీదనే యుండెడివి. కుక్క బొమ్మ కనబడినచో చదువురానివాడు సైతము అది ఏ కంపెనీ ప్లేటో చెప్పగలిగెడివాడు. అట్టి చీటిని కావలెనని నీళ్ళలో నానబెట్టి ఊడదీసినవా డొకడు అమెరికాలో కలడు. నేడు లోకమంతట యువకులు వినుచున్న హిప్ హాప్ సంగీతము యొక్క చరిత్రను అతనితోనే ఆరంభింతురు.

అతని పేరు క్లైవ్ క్యాంప్‌బెల్. జనులు పిలుచు పేరు డీజే కూల్ హర్క్. జమైకా ద్వీపమున కింగ్‌స్టను నగరమందు 1955లో పుట్టి, 1967లో న్యూయార్కు నగరమునందలి బ్రాంక్సు పేటకు వచ్చి చేరెను. 1973 ఆగస్టు 11వ తేదీన సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నెంబరు గల మేడయందు అతని చెల్లె లొక వేడుక చేసెను. బడి తెరచునప్పటికి క్రొత్త బట్టలు కొనుటకు ఆమెకు డబ్బు కావలసియుండెను. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు ప్రవేశ రుసుము. ప్లేట్లు వేయువాడు అన్న.

పాట ఆగి డ్రమ్ములు మాత్రమే మ్రోగు కొద్ది క్షణములందు నాట్యమాడువారి ఉత్సాహము మిన్నుముట్టుట హర్కు కనిపెట్టెను. ఒకే పాట ప్లేట్లు రెండు తెచ్చి, రెండు యంత్రములపై నుంచి, ఒకదానిలో ఆ భాగము ముగియగానే రెండవదానిలో దానినే ఎత్తుకొని, కోరినంతసేపు సాగదీయ నేర్చెను. ఇందు అతడు స్వయముగా వాయించినది ఏమియు లేదు. వాద్యము ఒకరిది, ప్లేటు ఒకరిది. ఏ ప్లేటున ఏ చోట ఏ క్షణము ఉన్నదో ఎరుగుటయే అతని విద్య. ఆ ఎరుక పరులకు దక్కినచో వారును అదే ప్లేటు కొనివచ్చి అదే వేడుక చేయగలరు. కావుననే చీటి ఊడదీయుమని తండ్రి అతనికి ఉపాయము చెప్పెను.

ఈ ఉపాయము జమైకాలో పాతదే. అచ్చట 1950ల దశకమున పెద్ద లౌడుస్పీకర్లతో వీధులలో పాటలు వినిపించి జీవించువారు అమెరికా ప్లేట్లు తెప్పించి, చీటి గీకివేసి, తమకు తోచిన పేరు పెట్టెడివారు. క్లెమెంట్ డాడ్ అనునాయన తన వ్యాపారనామము కాక్సన్. విల్లిస్ జాక్సను అను అమెరికా వాద్యగాని ప్లేటు నొకదానిని ఆయన 'కాక్సన్ హాప్' అని తన పేరుతోనే చలామణి చేసెను. జనులు దానికొరకే వచ్చెడివారు. పోటీదారుడైన డ్యూక్ రీడ్ చాలకాలము వెదకి, అసలు ప్లేటును సంపాదించి, డాడ్ ఎదుటనే మ్రోగించెనని అచ్చటివారు నేటికిని కథగా చెప్పుకొందురు. పరుల సొమ్ముపై తన మార్కా వేసికొన్నవానికి ఆ మార్కా ఒక్క రాత్రిలో పోయెను. ఈ కథలో ఎవరు దొంగ, ఎవరు దొర యని నన్నడిగిన చెప్పజాలను. ఇద్దరును మంచి పాట కొరకు చెవికోసికొనువారే. ఆ ప్లేటు వాయించిన జాక్సనునకు మాత్రము ఈ తగవుతో నిమిత్తమే లేదు.

1979లో ఈ సంగీతము వ్యాపారమున కెక్కెను. న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సను అను ఆమె ముగ్గురు యువకులను కూర్చి 'రాపర్స్ డిలైట్' అను ప్లేటు వేయించెను. దాని వాద్యము షీక్ అను బృందము వారి పాటనుండి దింపినది. వారు వ్యాజ్యము వేయుదుమని బెదరించి, తమ పేర్లు కర్తలుగా చేర్పించుకొనిరి. ఇంకొక అన్యాయము దిద్దుబడలేదు. ఆ ముగ్గురిలో నొకడు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అను బ్రాంక్సు కవి వ్రాసికొన్న మాటల పుస్తకము ఎరవు తెచ్చుకొని, అందలి మాటలనే పాడెను. కాజ్ తన మారుపేరును అక్షరమక్షరముగా విడదీసి చెప్పుకొన్న భాగము అందు కలదు. పాడువాడు దానిని మార్చుట సైతము మరచెను! లక్షలకొలది ప్లేట్లలో కాజ్ పేరు మ్రోగెను. కాజ్‌నకు చిల్లికాసు ముట్టలేదు.

1980ల నడుమ యంత్రములు వచ్చెను. ఇక ప్రొడ్యూసరు అను మాటను వివరింపవలెను. మన సినిమాలకువలె పెట్టుబడి పెట్టువాడు కాడు. మాటలు చెప్పువాని వెనుక మ్రోగు సంగీతమును కూర్చువాడు. ఆ కూర్పునకు బీటు అని పేరు. ధాన్యపు బస్తానుండి బేరగాడు పిడికెడు గింజలు మచ్చు తీయును గదా. పాత ప్లేటునుండి రెండుమూడు క్షణముల వాద్యమును యంత్రముతో అట్లే తీయుదురు. ఇంగ్లీషున దానిని శాంపిలు అనుటయు ఆ అర్థముననే. బేరగాడు మచ్చు చూచి బస్తా కొనును. వీరు మచ్చులతోనే వంట చేసిరి. ఒక్క పాటలో పదులకొలది మచ్చులు కూర్చి, వేటిని ఎచ్చటినుండి తెచ్చిరో పోల్చరాకుండ క్రొత్త రుచి పుట్టించినవారు కలరు. అనుకరణము అను మాట వారి పనికి చాలదని నా అభిప్రాయము.

1991 డిసెంబరులో న్యూయార్కున నొక తీర్పు వెలువడెను. బిజ్ మార్కీ అను గాయకుడు గిల్బర్ట్ ఓసలివన్ పాటనుండి మచ్చు తీసికొనెను. అనుమతి అడిగిరి కాని, అది రాకమునుపే పాటను విడుదల చేసిరి. న్యాయమూర్తి కెవిన్ డఫీ దొంగిలింపరాదను బైబిలు ఆజ్ఞతో తీర్పు ఆరంభించి, అమ్మకము నిలిపివేసెను. నాటినుండి ప్రతి మచ్చునకును వెల కట్టవలసి వచ్చెను. పదులకొలది మచ్చులతో పాట కూర్చుట ధనవంతులకే చెల్లెను. పేదవాని వంటిల్లు మూతపడెను.

ఈ వ్యవహారమున మన దేశమునకును సంబంధము కలదు. 2002లో ట్రూత్ హర్ట్స్ అను గాయని పాటకొరకు డీజే క్విక్ అను ప్రొడ్యూసరు, 1981 నాటి 'జ్యోతి' అను హిందీ చిత్రమున లతా మంగేష్కరు పాడిన పాటను అనుమతి లేకయే వాడెను. ఆ పాటకు స్వరకర్త బప్పీ లహరి. మన తెలుగువారికి 'సింహాసనము', 'గ్యాంగ్ లీడర్' చిత్రముల సంగీతమువలన పరిచితుడు. ఆయన పేరు చేర్చనిదే ప్లేటు అమ్మరాదని లాస్ ఏంజిలిసు న్యాయస్థానము మొదట ఆజ్ఞాపించెను. తరువాత ఆ పాటపై హక్కు స్వరకర్తది కాదని తేలి, ఆయన వ్యాజ్యము నిలువలేదు. పాశ్చాత్య బాణీలను అనుకరించెనను నిందయు ఆయనపై కలదు. అట్టివానికి న్యాయము జరుగరాదా యని అడిగినచో, జరుగవలెననియే నేనందును.

మచ్చులు ప్రియమైన పిమ్మట ప్రొడ్యూసరులు తమ పేరునే ఆస్తిగా చేసికొనిరి. పాట ఆరంభమున తమ పేరు పలికించు ఆచారము వ్యాపించెను. వాగ్గేయకారులు కృతి చివర వేయు ముద్ర మన మెరిగినదే. 1902లో కలకత్తాలో మన దేశపు తొలి ప్లేట్లు తీసినప్పుడు గౌహర్ జాన్ పాట తుదిని తన పేరు తానే ఇంగ్లీషున చెప్పెను. దూరమున జర్మనీలో ప్లేట్లు అచ్చువేయువారు గుర్తుపట్టుటకై అట్లు చేసిరి. ప్రొడ్యూసరుల ముద్ర వచ్చిన కారణము వేరు. బీటును వినుటకు పంపిన, డబ్బీయకయే వాడుకొనువారు కలరు. అందుచే నమూనా ప్రతిలో నడుమనడుమ పేరు మ్రోగునట్లు చేయుదురు. సొమ్ము ముట్టిన పిమ్మట తీసివేయుదురు. తలుపునకు తాళముగా వచ్చినది రానురాను గుమ్మముపై పేరుబల్ల ఆయెను. మెట్రో బూమిన్ అను ప్రొడ్యూసరు ముద్రను ఫ్యూచర్ అను గాయకుడు పలికెను. అది వినబడగానే ఎవరి పనియో శ్రోతలకు తెలియును. హర్కు చీటి ఊడదీసి సంపాదించినదానిని వీరు చీటి అంటించి సంపాదించుచున్నారు.

పేరునకు వెల యున్నచోట తగవు తప్పదు. వర్జీనియాలో చిన్ననాటి స్నేహితులైన ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగో ఇరువురును నెప్ట్యూన్స్ అను పేరుతో పని చేసి కీర్తి గడించిరి. 2024లో ఆ పేరుపై మార్కా హక్కు ఎవరిదను తగవు కార్యాలయముల కెక్కెను.

పేరు లేనివారు పరుల పేరుతో అమ్ముదురు. ప్రసిద్ధుడైన ఫలానా వాని తరహా బీటు అని పేరు పెట్టి, ఇరువది ముప్పది డాలర్లకు ఇంటర్నెటులో ఎందరికైనను ఇత్తురు. వారిని నకలుగాండ్రని పరిహసించుట సులభము. 2018లో యంగ్‌కియో అను నెదర్లాండ్సు యువకుడు కూర్చిన బీటును లిల్ నాస్ ఎక్స్ అను గాయకుడు 30 డాలర్లకు కొనెను. దానితో చేసిన 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో అమెరికా పాటల పట్టికలో 19 వారములు మొదటి స్థానమున నిలిచెను. ఆ బీటులో నైన్ ఇంచ్ నెయిల్స్ బృందపు 2008 నాటి వాద్యము మచ్చుగా నుండెను. అనుమతి తరువాత కుదిరి, ఆ వాద్యకర్తల పేర్లును పాటపై చేరెను. కాగితములు కలవారు గనుక వారి వంతు వారికి దక్కెను.

కాగితములు లేనివారి మాట వేరు. 1969 నవంబరులో సిన్సినాటి నగరమున జేమ్స్ బ్రౌను పాటకు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్ములు వాయించెను. 'ఫంకీ డ్రమ్మర్' అను ఆ పాటలోని కొద్ది క్షణములను ప్రొడ్యూసరులు వేయికి పైగా పాటలలో మచ్చుగా వాడిరి. కర్తగా పత్రములందున్నది బ్రౌను పేరు. స్టబుల్‌ఫీల్డు కూలికి వాయించినవాడు. తన పేరు చెప్పినవారు లేరు, సొమ్మిచ్చినవారు లేరు అని ఆయన వాపోయెను. 2017 ఫిబ్రవరిలో మరణించెను. ఆ 1969లోనే విన్‌స్టన్స్ బృందమున గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకండ్ల డ్రమ్ములు అంతకంటెను ఎక్కువ పాటలలో మ్రోగినవి. అతడు 2006లో నిలువ నీడ లేక మరణించెను. 2015లో ఆ సంగీత ప్రియులు కొందరు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు పంపిరి. ఆ సొమ్ము బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సరునకు చేరెను. డ్రమ్ములు వాయించినవాడు పోయి అప్పటికి తొమ్మిదేండ్లు.