పినాంగ్ కొండ రైలు

మలేషియాలోని పినాంగ్ దీవిలో ఐర్ ఈతాం నుంచి కొండ మీది విహారస్థలానికి ఉక్కు తాడుతో నడిచే రైలు. పొడవు దాదాపు 2 కిలోమీటర్లు. మలయా తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగు కూలీలు దిగిన రేవుల్లో పినాంగ్ ఒకటి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇలాంటి విహార రైలు లేదు. అయితే గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గుబావుల్లో హాలేజీ తాడు టబ్బులను ఇంక్లైన్ మీదుగా లాగడం చూసినవారికి దీని పనితీరు సులువుగానే అర్థమవుతుంది. పినాంగ్ రైల్లో తాడు రెండు కొనలకూ చెరో పెట్టె ఉంటుంది. ఒకటి దిగుతూ తన బరువుతో రెండోదాన్ని ఎక్కిస్తుంది. మోటారు మిగతా భారం మోస్తే చాలు. సగం దారిలో ఒంటి పట్టా జంటగా విడిపోయి, రెండు పెట్టెలూ పక్కపక్కనే దాటుకుపోతాయి.

చరిత్ర: ఈస్టిండియా కంపెనీ తరఫున 1786లో దీవిలో దిగిన ఫ్రాన్సిస్ లైట్ రెండేళ్లకు కొండపైకి బాట వేయించాడు. ఎండకు తాళలేని దొరలు పైన బంగళాలు కట్టుకున్నారు. వందేళ్లకు పైగా వాళ్లను మోసింది గుర్రాలు, కూలీల భుజాల మీది డోలీలు.

20వ శతాబ్ది తొలి ఏళ్లలో ప్రైవేటువారు వేసిన మొదటి రైలు సాంకేతిక లోపాలతో మూలనపడింది. తర్వాత ప్రభుత్వం కొత్త రైలు పనిని ఆర్నాల్డ్ జాన్సన్ అనే రైల్వే ఇంజినీరుకు అప్పగించింది. ఆయన స్విట్జర్లాండ్ వెళ్లి కొండ రైళ్లను పరిశీలించి వచ్చాడు. ఒకే తాడుకు అంత దూరం అప్పగించకుండా మార్గాన్ని రెండు భాగాలు చేసి, మధ్య స్టేషన్లో ప్రయాణికులు బండి మారే ఏర్పాటు చేశాడు. నిటారు వాలులో 79 మీటర్ల సొరంగం తొలిపించడం ఆయన పనిలో మెచ్చుకోదగ్గ భాగం. ఖర్చు 15 లక్షల స్ట్రెయిట్స్ డాలర్లు. 1923 అక్టోబరు 21న జనాన్ని ఎక్కించుకున్నారు. 1924 జనవరి 1న గవర్నర్ లారెన్స్ గిలెమార్డ్ లాంఛనంగా ప్రారంభించాడు. చెక్క పెట్టెల్లో మొదటి తరగతి, రెండో తరగతి వేరువేరుగా ఉండేవి.

జపాను ఆక్రమణ, స్వాతంత్ర్యం గడిచిపోయాక 1977లో పెట్టెలు మార్చారు.

2010లో పాత మార్గాన్ని మూసి, స్విస్ సంస్థ గరవెంటా పరికరాలతో ఒకే తాడు మార్గంగా తిరగకట్టి 2011లో తెరిచారు. ఇప్పుడు ఒక్కో బండిలో 100 మంది పడతారు. అరగంట పట్టిన ప్రయాణం కొద్ది నిమిషాల్లో ముగుస్తోంది. మధ్యలో దిగి, మారి, అడవిని తీరిగ్గా చూసే వీలు మాత్రం పోయింది. 2021 సెప్టెంబరులో యునెస్కో పినాంగ్ కొండను జీవావరణ పరిరక్షణ ప్రాంతాల జాబితాలో చేర్చింది.