ఘడీసాజుల పాత పనిముట్లు

చరిత్ర అనగానే కోటలు, నవాబులు అనుకుంటాము. ఈసారి నేను ఒక చెక్కపెట్టె చరిత్ర రాస్తున్నాను.

మా మామూ కర్నూలులో వాచీ రిపేరు చేసేవారు. ఆయన పోయిన తరువాత ఇంట్లోవాళ్ళు ఆయన పనిపెట్టెను పాత ఇనుము వానికి తూకం లెక్కన ఇచ్చివేశారు. ఎంత వచ్చిందని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆయన మనవడు అదే పని నేర్చుకుంటున్నాడు. "చాచా, పాత సామాను ఎక్కడ దొరుకుతుంది?" అని నన్ను అడిగాడు. స్విట్జర్లాండులో బెర్జియాన్ వంటి కంపెనీలు ఈనాటికీ కొత్త పనిముట్లు చేస్తున్నాయి గాని, ఆ ధరలు మనబోటివాళ్ళకు అందేవి కావు.

ఐ గ్లాసు, చిమటా, చిన్న స్క్రూడ్రైవర్లు ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కంతా లేతు, స్టేకింగ్ సెట్టులతోనే. వాచీ కింద పడితే లోపలి బాలెన్సు చక్రపు ఇరుసు మొన విరుగుతుంది. ఆ మొన మిల్లీమీటరులో పదవ వంతు లావుంటుంది, అంతే. కొత్త ఇరుసును లేతు మీద తీయాలి, స్టేకింగ్ సెట్టుతో చక్రానికి బిగించాలి. చేతి అంచనాతో అయ్యే పని కాదు.

పూర్వం యూరపులో ఈ ఇరుసులను విల్లుతో తిప్పుతూ చెక్కేవారు. (ఉర్దూలో విల్లును కమాన్ అంటాము. వాచీలోని హెయిర్‌స్ప్రింగుకు బాల్ కమానీ అనే పేరు అక్కడినుంచి వచ్చినదే.) 1880ల చివర అమెరికాలోని వాల్తామ్ పట్టణంలో వెబ్‌స్టర్, విట్‌కాంబ్ అనే ఇద్దరి పేరున ఒక చిన్న లేతు వచ్చింది. దాని కొలెట్టు బొడ్డు కొలత 8 మిల్లీమీటర్లు. జర్మనీలో బోలీ, లోర్క్ కంపెనీలు ఆ నమూనానే అనుసరించాయి. కనుకనే నూరేళ్ళనాటి లేతుకు మరో దేశపు కొలెట్టు పట్టే అవకాశం ఉన్నది. మర మాత్రం ఒక్కొక్కప్పుడు కలవదు, తిప్పి చూసి మరీ కొనాలి. కొలెట్టు మీది అంకె మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. 10 అని ఉంటే 1 మిల్లీమీటరు కడ్డీకి అన్నమాట. అంతకు లావైనది దూర్చితే కొలెట్టు నోరు వెడల్పై పనికిరాకుండా పోతుంది. పాత కొలెట్లలో చాలావాటి గతి అదే.

ఇంతటి సామాను అంగట్లోకి ఎందుకు వచ్చింది? 1969 డిసెంబరు 25న జపానులో సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని విడుదల చేసింది. స్విట్జర్లాండు గడియార పరిశ్రమలో 1970లో సుమారు 90,000 మంది ఉండగా, 1980ల నడిమికి 30,000 పైచిలుకే మిగిలారు. కార్ఖానాలు మూతపడ్డాయి. వాటి పనిముట్లలో ఎన్నో చేతులు మారాయి.

మన దేశంలో కథ కాస్త వేరు. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలైనాయి, జపాను సిటిజన్ కంపెనీ సాయంతో. తాళం తిప్పే వాచీ ఇంటింటికీ చేరింది, రిపేరుకూ గిరాకీ పెరిగింది. విదేశీ పనిముట్లు తెప్పించడం కష్టమైన రోజులవి. అందుచేత ఉస్తాదు పెట్టె షాగిర్దుకే చేరేది. తరువాత బ్యాటరీ వాచీలు వచ్చాయి, రిపేరు దుకాణం సెల్లు మార్చే దుకాణమైంది. 2016లో ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల మూసివేతకే నిర్ణయించింది.

పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్ళాను. మొదట ఒకచోట స్టేకింగ్ సెట్టు కొన్నాము. పెట్టె నిండా పంచ్‌లు ఉన్నాయి, చూడముచ్చటగా మెరుస్తున్నవి. నేను మోసపోయింది ఆ మెరుపుకే. ఇంటికి వచ్చి, మొనదేలిన పంచ్‌ను పైనుంచి దింపితే అది కింది ఉక్కు పళ్ళెపు రంధ్రానికి నడుమ దిగలేదు, ఒక పక్కకు ఒరిగింది. పళ్ళెం వేరే సెట్టుది! తుప్పు రుద్దవచ్చు, లేని పంచ్ మరొకటి వెతకవచ్చు. ఈ వంకరకు మాత్రం మందు లేదు. ఆ డబ్బు నేను ట్యూషన్లు చెప్పి సంపాదించినది.

రెండోసారి పంచ్ దింపి చూసిన తరువాతే డబ్బు తీశాను. పెట్టె గీతలు పడి ఉంది, నాలుగు పంచ్‌లు లేవు, అయినా గురి సరిగ్గా కుదిరింది. సొరుగులో కొన్ని పాత డయల్స్ కూడా ఇచ్చారు. 1960ల వరకు చీకట్లో వెలిగే అంకెలకు రేడియం రంగు వాడేవారు. వెలుగు ఆరిపోయినా రేడియం శక్తి సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అటువంటివి గోకవద్దు, ఊదవద్దు అని పిల్లవాడికి గట్టిగా చెప్పాను.

పెట్టె మూత లోపలివైపు ఎవరో ఘడీసాజు ఏ వాచీకి ఎన్నో నెంబరు పంచ్ వాడాలో సూదితో గీసి పెట్టుకున్నాడు. అంకెలూ పేర్లూ అన్నీ ఉర్దూలో ఉన్నాయి. మావాడిది ఇంగ్లీషు మీడియం, చదవలేకపోయాడు. నేను ఒక్కొక్కటి చదివి చెబుతుంటే కాగితం మీద రాసుకొని మూతకు అంటించుకున్నాడు.