వుడ్ కీ: ఉద్యమం సంపాదించిన గడువు

డబ్లిన్‌లో లిఫీ నది దక్షిణపు ఒడ్డున, క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్ దిగువన ఉన్న ఏటవాలు నేల పేరు వుడ్ కీ. నగరపాలక సంస్థ అక్కడ తన కార్యాలయాలు కట్టదలచింది. 1974 నుంచి ఐర్లండ్ జాతీయ మ్యూజియం తరఫున ప్యాట్రిక్ వాలెస్ తవ్వకాలు సాగించేకొద్దీ వెయ్యేళ్ల కిందటి వైకింగుల పట్టణం బయటపడసాగింది. నేల ఎప్పుడూ తడిగా ఉండి గాలి చొరకపోవడంతో, మామూలుగా మట్టిలో కలిసిపోయేవన్నీ నిలిచాయి: తడిక గోడల ఇళ్లు, ఇళ్ల నడుమ పరిచిన తడికల దారులు, తోలు చెప్పులు, కొమ్ము దువ్వెనలు, నదిని వెనక్కి నెడుతూ ఒకదాని ముందు ఒకటి వేసిన కట్టలు. ఇళ్లు ఎన్నిసార్లు కూలి లేచినా పెరటి హద్దులు తరాల తరబడి అక్కడే ఉన్నాయట. రాజుల కథల్లో ఎక్కడ దొరుకుతుంది ఈ చరిత్ర?

మధ్యయుగ చరిత్ర ఆచార్యుడు, అగస్టీనియన్ సన్యాసి ఎఫ్.ఎక్స్. మార్టిన్ కోర్టుకెక్కారు. 1978 జూన్‌లో హైకోర్టు ఆ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. అయినా అది దక్కలేదు. నగరపాలక సంస్థ, ప్రభుత్వ పనుల శాఖ కలిసి ఒప్పుకుంటే స్మారకాన్నైనా తొలగించవచ్చని చట్టమే దారి విడిచిపెట్టింది. రక్షించవలసిన చట్టంలోనే ఇంత పెద్ద గండి ఉండడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ సెప్టెంబర్ 23న సుమారు 20,000 మంది వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడు జూన్ 1న రచయితలు, వాస్తుశిల్పులు, రాజకీయ నాయకులతో సహా యాభై మంది దాకా స్థలంలోకి ప్రవేశించి, దాదాపు మూడు వారాలు అక్కడే బైఠాయించారు. దానికి ‘ఆపరేషన్ సిట్రిక్’ అని పేరు పెట్టుకున్నారు. పక్కనున్న కెథెడ్రల్‌ను స్థాపించిన వైకింగు రాజు సిట్రిక్. అదే నెల స్థానిక ఎన్నికల్లో నిర్మాణాన్ని సమర్థించిన కౌన్సిలర్లు కొందరు ఓడిపోయారు. చివరికి సుప్రీంకోర్టు తీర్పు ఉద్యమానికి ప్రతికూలంగా వచ్చింది.

భవనాలు లేచాయి. తొలి ప్రణాళికలోని నాలుగు బ్లాకుల్లో రెండే 1986 నాటికి పూర్తయ్యాయి. స్థలాన్ని కాపాడలేకపోయిన ఆ జనం గడువును మాత్రం సంపాదించిపెట్టారు. 1981 దాకా తవ్వకాలు సాగాయి. పక్కనున్న ఫిషాంబుల్ వీధి స్థలాలతో కలిపి వందకు పైగా ఇళ్ల పునాదులను పొర పొరగా కొలిచి నమోదు చేశారు. వైకింగు డబ్లిన్ ఇళ్ల తీరు, వీధుల అమరిక గురించి నేటి పండితులు చెప్పేదానికి ముఖ్యాధారం ఆ నమోదులే.